నేను మూసేసిన నీళ్ళు

మలావి, ఆఫ్రికా,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు నమస్కారం.

నేను బాగున్నాను. నువ్వూ, బావా, అవ్వా, భవ్యా బాగున్నారనే అనుకుంటున్నాను. అవ్వకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? బావ ఇంకా ఉదయం రైలుకే ధర్మవరం డ్యూటీకి వెళ్తున్నాడా? భవ్యకు జడ వేసేటప్పుడు చిక్కు నెమ్మదిగా తీయి. గట్టిగా లాగితే ఏడవదు, కానీ ఆ రోజంతా మాట్లాడదు.

నా ఆరోగ్యం గురించి దిగులు వద్దు. ఎండ మన పెనుకొండ ఎండలాంటిదే. తిండి మక్కజొన్న సంగటి, ఆకుకూర. రాగిసంగటి తిన్న నోటికి కష్టమేమీ కాదు. ఒంటరితనం గురించి రాయను. అది హిందూపురం ఇంట్లోనూ ఉండేది.

ఫోనులో చెప్పలేని విషయం ఒకటుంది. అందుకే రేపు బయలుదేరుతున్న రమణప్ప చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మడకశిర మనిషి. ఇక్కడ బోరు మిషను నడిపింది అతనే.

నేనెందుకు వచ్చానో నీకు తెలుసు. ఈ ఊరి పాస్టరు జోసెఫ్ బెంగళూరులో చదువుకునే రోజుల్లో హిందూపురం చర్చికి వచ్చేవాడు. ఆ పరిచయంతో రెండు చర్చిలూ కలిసి ఈ ఊరికి మంచినీళ్ళు తేవాలనుకున్నాయి. హిందూపురం చర్చివాళ్ళు చందాలు వేసుకున్నారు. బోర్ల పని తెలిసిన మనిషి కావాలన్నారు. సరోజ పోయాక ఆ ఇంట్లో ఉండలేక, మా భవ్యను నీ దగ్గర వదిలి నేను వస్తానన్నాను. జియాలజీ చదివినవాణ్ణి, ఇరవై ఏళ్ళు బోర్లు వేయించినవాణ్ణి. నమ్మారు.

ఇక్కడివాళ్ళు వాగులో చెలమలు తీసుకుని తాగుతారు. పశువులూ అక్కడే దిగుతాయి. నేను వచ్చిన నెలలోనే ఇద్దరు పిల్లలు విరేచనాలతో పోయారు. వాళ్ళలో ఒకరు ఎలీనా అనే ఆమె కూతురు. భవ్య ఈడుదే.

రెండు బోర్లకు ఒప్పందం. మొదటిది ముప్పై అడుగులు దిగేసరికి మట్టి తడిగా వచ్చింది. రమణప్ప మిషను ఆపాడు.

"ఏమప్పా, తేమ ఉండాదే. ఒగ దినం నిలిపి సూస్తామా?"

"అది పైతడి రమణప్పా. గోరంట్ల కాడ ఇట్లాంటివి ఎన్ని సూళ్ళేదు? పైపు దించు."

"దించుతా లే. సదువుకున్నోడివి. నువ్వు సెప్తే భూమి గూడా ఇనాల."

మన వైపు పద్ధతి అదే కదా. పై మట్టి కూలకుండా గట్టి రాయి తగిలేదాకా ఇనుప పైపు దించి మూసేస్తాం. నీళ్ళ కోసం ఆ కింద, వందల అడుగుల లోతున రాతి పగుళ్ళలో వెతుకుతాం. ఇక్కడా అదే చేశాను. ఐదు వందల అడుగులు పోయినా దుమ్మే. రెండో బోరులోనూ దుమ్మే.

ఆ తర్వాత ఒకరోజు చర్చి గోడకు ఇటుకలు కోస్తున్న చోటికి వెళ్ళాను. మట్టి తీసిన గుంత అడుగున ఒకామె చేతులు కడుక్కుంటోంది. వాన పడి ఆరు నెలలైంది. తాడు వేసి కొలిచాను. పదిహేడు అడుగులు. మా మొదటి బోరు అక్కడికి కనుచూపు దూరంలోనే ఉంది.

అక్కా, ఇక్కడ నీళ్ళు పై మెత్తటి పొరలోనే ఉన్నాయి. అవి బోరులోకి రాకుండా పైపు దించి మూసింది నేనే. రెండుసార్లు.

పైపులు పైకి లాగి చూశాం. ఒకటి సగంలో తెగింది. రెండోది కదల్లేదు. గడువు తీరి మిషను వేరే ఊరికి వెళ్ళిపోయింది, రమణప్ప మాత్రం ఇక్కడే ఆగాడు.

"తప్పు సేసినోడు ముందు సెప్పాల, అన్నం ఎనక తినాల" అనేది సరోజ. ఆ సాయంత్రమే జోసెఫ్‌తో చెప్పాను. క్షమించమని ఇంకా ఏదో అనబోతే "సాకప్పా" అన్నాడు, ఇక చాలని, బెంగళూరులో నేర్చిన కన్నడంతో. "నాకు కాదు, ఊరికి చెప్పు."

ఆ వెంటనే వచ్చిన ఆదివారం ప్రార్థన అయ్యాక నిలబడి చెప్పాను. జోసెఫ్ వాళ్ళ భాషలో చెప్పాడు. ఎలీనా లేచింది.

"అంత దూరం నుంచి వచ్చి మా నీళ్ళకు ఇనుప చొక్కా తొడిగావా?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఇప్పుడు తెలిసింది కదా. గడ్డపార పట్టు."

పది రోజులుగా ఆ గుంత పక్కనే బావి తవ్వుతున్నాం. ఊట సన్నం. ఊరికి సరిపోవాలంటే నలభై అడుగులు దిగాలి. దిగాక గట్టు కట్టి, మూత వేసి, చేతిపంపు బిగించాలి. మట్టి నిలవడం లేదు. ఇరవై అడుగులు దిగాక మొన్న ఒక పక్క విరిగి పడింది. లోపలున్న ఇద్దరూ నడుముల దాకా పూడుకుపోతే బయటికి లాగాం. ప్రాణాలు దక్కాయి. బావి మాత్రం మళ్ళీ పన్నెండు అడుగులకు వచ్చింది. వానలకు ఇంకా మూడు వారాలు. వానొస్తే బావి మొత్తం కూలుతుంది, ఊళ్ళోని మురికంతా వాగులోకి దిగుతుంది. ఆ నెలలోనే పిల్లలు ఎక్కువగా పోతారట. అయ్యేలా లేదక్కా. ఎన్ని రకాలుగా లెక్కవేసినా అయ్యేలా లేదు. నా చేతులు బాగానే ఉన్నాయి, బొబ్బలే. దిగులుపడకు.

నా టికెట్టు కూడా రేపటికే. రమణప్ప పొద్దున అడిగాడు.

"నువ్వు రాకుంటే మీ యక్క నన్ను ఇడుస్తాదా? ఏమని సెప్పల్ల?"

"ఉత్తరం ఇయ్యి, సాలు" అన్నాను.

నేను రావడం లేదు. సరోజ సంవత్సరీకానికి నా కోసం ఎదురుచూడొద్దు. ఆ రోజు నేను గుంతలో ఉంటాను.

అవ్వను నా మీద కోపగించుకోవద్దని చెప్పు, ఈ బావి నిలవాలని ఒక్కసారి దీవించమను. బావకు నమస్కారాలు. వీలైతే రమణప్ప తమ్ముడు మిషను పని మీద ఇక్కడికి వచ్చేటప్పుడు ఉలవలు కొంచెం పంపు.

ఒక్క పని మాత్రం తప్పక చేయి. సరోజకు నువ్వులూ నీళ్ళూ భవ్య చేత వదిలించు. ఆడపిల్ల కూడదని తంతు చేయించే స్వామి అంటే గొడవపడకు. పెరట్లోకి తీసుకెళ్ళి, వాళ్ళమ్మ పేరు చెప్పించి, దోసిటితో వదిలించు. ట్యాంకరు నీళ్ళయినా పరవాలేదు.

నీ తమ్ముడు
మురళి