మామయ్య జేబులోని నంబరు

ఐత్ ఇస్లాన్,
ఏప్రిల్ 14.

అమ్మకి, ఇజ్జా సలాములు.

ఫోనుండగా ఉత్తరమేమిటని, నీకిది చదివిపెట్టే మీ గదిలోని రబ్హా పిన్ని నవ్వుతుందని తెలుసు. అయినా ఇది ఇప్పుడే, కాగితం మీదే రాయాలి. మే 28న మిదెల్త్ కోర్టులో నీ పేరు పిలుస్తారు. ఆలోగా నీ వేలిముద్ర కావాలి. ఫోన్లో చెబుదామంటే మీ గదిలో ఎనిమిది మంది ఆడవాళ్ళు. నువ్వు "ఏమిటే, ఏమైందే" అనేలోగా నేను ఏడుపు మింగి "ఏం లేదమ్మా, బాగున్నాం" అని పెట్టేస్తాను. ఇప్పటికి మూడుసార్లు అలాగే పెట్టేశాను. గాభరా పడకు. ఎవరికీ ఏ జబ్బూ లేదు. నేనూ చెల్లి హెన్నూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ అక్కడ దేవుడి చల్లని చూపులో ఉన్నావనుకుంటున్నాను.

నువ్వు రాయించిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. హెన్నూ కదిలే పన్ను ఊడిపోయింది, కొత్తది వంకరగా వస్తోంది. లెక్కల్లో బాగానే ఉంది, ఫ్రెంచిలో మాత్రం మేక అరిచినట్టు అరుస్తుంది. వంటింటి కప్పు మీద మట్టి వేయించాను, మొన్నటి వానకి కారలేదు. స్పెయిన్‌లో మీ స్ట్రాబెర్రీ తోటలో రోజంతా వంగే ఉండాలన్నావు. పిన్నిచేత నడుముకి ఆలివు నూనె వేడిగా రాయించుకో, సిగ్గుపడకు. "బాస్సూ అన్నయ్య ఫోన్ చేసి నెలవుతోంది, నా మీద కోపమా?" అని కూడా అడిగావు. దానికి జవాబే ఈ ఉత్తరం. కాస్త ఆగు, వస్తున్నాను.

నీ కూతురు ఏం పని చేస్తుందని మీ గదిలోవాళ్ళు అడిగితే చెప్పలేకపోయానన్నావు. అది చెబితేనే మిగతాది అర్థమవుతుంది. రాజధానిలో ఒక సంస్థ పల్లెటూరి ఆడవాళ్ళకి ఉచితంగా న్యాయసాయం అందించాలని ఒక యాప్ తయారు చేసింది. విడాకులు, పిల్లల పోషణ, ఆస్తిలో వాటా, పుట్టిన తేదీ కాగితాలు, ఇలాంటివాటి కోసం కొండ దిగి, రెండు బళ్ళు మారి, కోర్టు మెట్లెక్కలేని వాళ్ళు మన పంచాయతీ గదికొచ్చి టాబ్లెట్ ముందు కూర్చుంటే చాలు. చెప్పింది చెప్పినట్టు దరఖాస్తుగా మారి కోర్టుకి వెళ్తుంది. గురువారాల్లో జలీలా మేడం అనే వకీలు తెరమీద కనబడి సలహా చెబుతుంది. ఆ టాబ్లెట్ పట్టుకుని కూర్చునేదాన్ని నేను. పనిలో చేరిన రోజు ఎంత పొంగిపోయానో నీకు తెలుసు. ఇప్పుడు ఆ టాబ్లెట్‌ని వాగులో పారేయాలని ఉంది.

కొండ మీద సిగ్నల్ సంగతి తెలిసిందే కదా. జలీలా మేడం "మీ భర్త మీకు..." అని బొమ్మలా నిలిచిపోతుంది. గదికి రోజూ వచ్చే హద్దూ అవ్వ దగ్గరికొచ్చి, "పాపం నోరు తెరిచే ఉంది, ఈగ దూరుతుందేమో చూడవే" అంటుంది. యాప్ మన భాషలోనే మాట్లాడుతుందని గొప్పగా చెప్పారు. అవ్వ రెండు నిమిషాలు విని, "ఈ పిల్ల ఎవరింటి కోడలే? రేడియో వార్తలు మింగినట్టుంది" అంది. అంతా అయ్యాక యాప్ మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడుగుతుంది. "నక్షత్రాలు దేవుడివి, ఇవ్వడానికి నేనెవర్నే?" అని అవ్వ శాలువా దులుపుకుని లేచిపోయింది.

ఇవన్నీ నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఒకటుంది. దరఖాస్తు పెట్టాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి. కోర్టు కబుర్లన్నీ ఆ నంబరుకే వస్తాయి. మన ఊళ్ళో ఇప్పటికి ఇరవై ముగ్గురు పెట్టారు. వాళ్ళలో సొంత ఫోనున్నవాళ్ళు నలుగురు. మిగిలినవాళ్ళు ఇచ్చింది మొగుడిదో, బావగారిదో, కొడుకుదో. మొగుడు కొడుతున్నాడని ఒకామె చెప్పుకుంటే ఆ కబురు మొగుడి ఫోనుకే వచ్చింది. ఆమె మళ్ళీ నా గదికి రాలేదు. హద్దూ అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది: "కోడిపిల్ల మొర పెట్టుకుంటే జవాబు గద్ద గూటికి పంపారన్నమాట."

ఈ సంగతి సంస్థకి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు: "ప్రతి మహిళా తన సొంత నంబరు ఇచ్చేలా అవగాహన కల్పించండి." ఎవరికి కల్పించాలమ్మా అవగాహన? ఫోను ఇంటికొకటే ఉంటుందని, అది మగవాడి జేబులో ఉంటుందని ఈ కొండమీద మేకపిల్లకి కూడా తెలుసు. తెలియనిది వాళ్ళకే.

ఇంత తెలిసిన నేనే ఏం చేశానో విను.

మార్చిలో ఒక గురువారం కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకి దరఖాస్తు ఎలా నింపాలో చూపిస్తూ నీ పేరు పెట్టాను. యామ్నా, తండ్రి పేరు, తాతయ్య యాపిల్ తోట, వారసులు ఇద్దరు, మన ధర్మంలో అన్నకి రెండు వంతులైతే చెల్లెలికి ఒకటి గనక వాటా మూడింట ఒక వంతు. ఎవరి మీద అని అడిగితే బాస్సూ మామయ్య పేరు నింపాను. నంబరు దగ్గర నీది కొట్టాను. నీ నంబరు నాకు నోటికొచ్చు కదా. స్పెయిన్ వెళ్తూ, "తోట పని ఒప్పందం వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తడానికి పెద్దమనిషి దగ్గరుండాలి" అని ఆ సిమ్ము నువ్వు మామయ్యకి ఇచ్చి వెళ్ళావు. అది ఆ క్షణంలో నాకు గుర్తు లేదు. దరఖాస్తు వెళ్ళిపోయింది.

మంగళవారం సంతలో మామయ్య జేబులో ఫోను మోగింది. మామయ్యకి చదువు రాదు కదా, కొట్టు మోహాకి ఇచ్చాడట. మోహా అది రీఛార్జి బహుమతి అనుకుని గొంతెత్తి చదివాడట: "యామ్నా గారూ, మీ అన్న బాస్సూ మీద మీరు వేసిన వారసత్వ దావా నమోదైంది. విచారణ మే 28. మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" బేరాలాడేవాళ్ళంతా ఆగి చూశారట.

మామయ్య సంత నుంచి నేరుగా పంచాయతీ గదికి వచ్చాడు. లోపల అయిదుగురు ఆడవాళ్ళున్నారు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఇజ్జా, ఇది నీ పలక చేసిన పనేనా?"

"మామయ్యా, పొరపాటున నొక్కాను. ఎలా వాడాలో చూపిస్తూ అమ్మ పేరు పెట్టాను."

"పొరపాటైతే తుడిచెయ్."

"తుడవడం కుదరదు మామయ్యా. కోర్టుకి చేరిపోయింది."

"నొక్కడానికి ఒక్క వేలు చాలింది. తీయడానికి ఊరంతా చాలదా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నిన్ను బళ్ళో వేయమని మీ నాన్నవాళ్ళ గుమ్మం ముందు మూడు రోజులు కూర్చున్నవాణ్ణి. గాడిద మీద నీ పరుపు కట్టుకుని హాస్టల్లో దింపినవాణ్ణి. నా చెల్లెలికి నా మీద కోపమొస్తే నా ఇంటికొచ్చి తిట్టొచ్చు. సంతలో చదివించాలా?" అన్నాడు.

హద్దూ అవ్వే కల్పించుకుంది. "బాస్సూ, అరవకురా. చెల్లెలు అడిగింది దేవుడు రాసిన వాటానే కదా?"

"ఏ ఇంట్లో అడిగారు అవ్వా? నువ్వడిగావా?"

"అడగలేదు. అందుకే ఈ వయసులో కోడలి ముందు రొట్టెకి చెయ్యి చాపుతున్నాను" అంది. మామయ్య గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నంబరైనా మార్పిద్దామని సంస్థకి ఫోన్ చేశాను. పాత నంబరుకి ఒక సంకేతం వస్తుంది, అది చెబితే మారుస్తామన్నారు. ఆ పాత నంబరు ఎవరి మీద కేసో వాళ్ళ జేబులోనే ఉందండీ అన్నాను. "అర్థమైంది మేడం, సంకేతం చెప్పండి" అన్నాడు ఫోనెత్తిన కుర్రాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే. చివరికి నేనే మామయ్య గుమ్మం ఎక్కి, ఆయన మీద కేసు కబుర్లు ఆయనకి రాకుండా ఉండే సంకేతం చెప్పమని ఆయన్నే అడిగాను. నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అత్తయ్య టీ కూడా పొయ్యలేదు. మామయ్య ఫోను తెరిచి, సిమ్ము తీసి నా అరచేతిలో పెట్టాడు. "మీ అమ్మ సొమ్ము. ఇక నా దగ్గర ఎందుకు?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

నీకు తెలియని సంగతి ఇంకొకటి. మామయ్య బావి ఎండిపోయింది. కాలవ పక్కనున్న కింది తోట, అదే తాతయ్య యాపిల్ తోట, పట్నం వ్యాపారికి అమ్మి, ఆ డబ్బుతో పై తోటలో బోరు వేయించాలని చూస్తున్నాడు. చెల్లెలు నోటిమాటగా ఒప్పుకుందని దస్తావేజులు రాసే రాతగాడి దగ్గర చెబుదామనుకున్నాడు. నిన్ను మోసం చెయ్యాలని కాదు. చెల్లెలు ఎందుకు కాదంటుందని ఆయన ధీమా. కేసు నడుస్తున్నంతకాలం ఆ అమ్మకం జరగదు. కేసు కొట్టేస్తే వెంటనే జరుగుతుంది.

అమ్మా, ఇక అసలు మాట. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

పొరపాటున నొక్కానని మామయ్యకి చెప్పాను, సంస్థకి చెప్పాను, అవ్వకి చెప్పాను. పైన నీకు కూడా అలాగే రాసుకొచ్చాను. అది అబద్ధం. నంబరు ఒక్కటే పొరపాటు. నొక్కింది తెలిసే నొక్కాను. చివర్లో తెర మీద "దరఖాస్తుదారు స్వయంగా ఒప్పుకుంటున్నారా?" అని వస్తుంది. మిగతా ఆడవాళ్ళకి ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను, వాళ్ళ వేలే నొక్కాలని. అది నా పనిలో మొదటి నియమం. నీ పేరు దగ్గర నా వేలే పెట్టాను. నిజమేనా అని మళ్ళీ అడిగింది. మళ్ళీ అవునన్నాను.

ఎందుకంటే, ఫిబ్రవరిలో నిన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు బండిలో తోట పక్కగా వెళ్ళాం, గుర్తుందా? మామయ్య కొమ్మలు కొట్టిస్తున్నాడు. నువ్వు కిటికీలోంచి చూసి, "మరీ పొట్టిగా కొట్టించేస్తున్నాడు, ఈ ఏడు పూత రాదు" అన్నావు. ఆ చెట్లకి నువ్వు చిన్నప్పుడు తాతయ్యతో కలిసి అంట్లు కట్టావని నాకు తెలుసు. దిగి చెప్పొచ్చుగా అన్నాను. "నన్నెవరడిగారే?" అని ముఖం తిప్పుకున్నావు. ఆ చెట్లు అంత తెలిసిన మనిషి పరాయి దేశంలో ఎవరి పళ్ళో కోయడానికి బస్సెక్కుతోందని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట అలాగే ఉండి, ఆ గురువారం వేలిలోకి దిగింది.

ఈ నెలంతా ఆలోచిస్తున్నాను. నిన్ను ఎవరూ అడగరన్న కోపంతో కేసు వేశాను. వేసేటప్పుడు నేనూ నిన్ను అడగలేదు. సంస్థవాళ్ళని తిడుతున్నాను, మామయ్యని తప్పు పడుతున్నాను. వాళ్ళకీ నాకూ తేడా ఏముంది? జలీలా మేడంకి మాత్రం నిజం చెప్పేశాను. ఆ రోజు సిగ్నల్ ఒక్కసారి కూడా పోలేదు. "మీ అమ్మ చెబితే అది కేసు. నువ్వు చెబితే అది నీ కోపం. ఆమెని అడుగు" అంది. సంస్థకి తెలిస్తే నా ఉద్యోగం ఉండకపోవచ్చు. దాని గురించి నువ్వు ఆలోచించకు.

అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. శుక్రవారం స్పెయిన్‌కి బయల్దేరే రెండో విడత ఆడవాళ్ళతో ఇది పంపిస్తున్నాను. కవరులో రెండు కాగితాలున్నాయి. చదవనక్కర్లేకుండా గుర్తు పెట్టాను. మూల చిల్లు పొడిచింది, నీ వాటా నీకు కావాలని, జలీలా మేడం నీ తరఫున నిలబడాలని. చిల్లు లేనిది, కేసు వెనక్కి తీసుకుంటున్నానని. మొదటిదైతే అమ్మకం ఆగుతుంది. మామయ్య గుమ్మం మూసుకోవచ్చు, ఈద్‌కి పుట్టింటివాళ్ళు ఆనవాయితీగా పంపే బలి మాంసం, ఆ భుజం ముక్క, రాకపోవచ్చు, బోరు పడక పై తోట కూడా ఎండవచ్చు. రెండోదైతే తోట పోతుంది, అన్నయ్య మిగులుతాడు. అప్పుడు నేనే వెళ్ళి ఆయన తల ముద్దాడి, తప్పు నాదని సంతలోనే చెబుతాను. రెండింటిలో ఏది చేసినా నాకు కోపం రాదు. వచ్చినా నీకు చూపించను.

రబ్హా పిన్నీ, ఇది చదివి వినిపించి ఊరుకో. నీ సలహా ఎంత మంచిదైనా, ఈ ఒక్కసారికి నీ దగ్గరే ఉంచుకో.

అమ్మా, ఆదివారమే సెలవు అడిగి ఉంచుకుని సోమవారం అక్కడున్న మన దేశపు కాన్సులేటుకి వెళ్ళు. అక్కడి అధికారి ముందు రెండింటిలో ఒకదాని మీద నీ వేలిముద్ర వెయ్యి, నీ చేతులతోనే కవరులో పెట్టి పోస్టు చెయ్యి. రెండోది చింపెయ్. మే పదిహేనో తారీఖుకల్లా అది నా చేతికి అందాలి. ఆ రోజు దాటితే నీ వేలిముద్ర లేదని కేసు కొట్టేసి, నీ బదులు కోర్టే జవాబు చెబుతుంది.

ఇట్లు,
అడగకుండా నీ పేరు వాడుకున్న నీ పెద్ద కూతురు,
ఇజ్జా