నీలం తెర, పచ్చ బొండాం

మావా,

నువ్వు అడిగిన నీలం తెర ఈ రోజు కుట్టాను.

మొదట కుట్టమన్నది ఆకుపచ్చది. ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి వీడియో తీసుకుంటే, ఆ పచ్చనంతా ఫోను చెరిపేసి వెనక మంచుకొండలు పెడుతుందని చెప్పావు. ఆ గుడ్డకి పైపు దూరేలా అంచు మడిచి కుట్టింది నేనే, నిలబెట్టే పైపుల చట్రం నువ్వు చేశావు. ఊడదీసి బండి మీద కవిటి దాకా పట్టుకెళ్లొచ్చని, నువ్వు పైపులకు అతికించే సొల్యూషన్ పూయలేదు. డయాలసిస్ లేని రోజుల్లో ఆ పైపులతోనే నీ పని.

మొదటి వీడియోకి మన చెట్టు కొబ్బరి బొండాం పట్టుకుని నిలబడ్డావు. ఫోనులో చూస్తే కొండలున్నాయి, నువ్వున్నావు, చేతిలో బొండాం లేదు. గుడ్డదీ దానిదీ ఒకటే రంగని మనిద్దరికీ తట్టలేదు.

"డాక్టరు తాగొద్దన్నాడని నీ గుడ్డ కూడా మింగేసినాదేటే!" అని పడిపడి నవ్వావు. "నీలం గుడ్డ కుట్టు. ఈపాలి అవుపడతాది."

పెళ్లిళ్ల జాకెట్లు అయ్యాక కుడతానన్నాను. జాకెట్లు అయ్యేసరికి నువ్వు లేవు.

ఈ రోజు నీ ఏడాది. అత్త బొండాం కొట్టి నీ ఫోటో ముందు పెట్టి, "తాగు నాయనా, ఇంకెవులూ వద్దనరు" అంది. అక్కడ ఉండలేక పెరట్లోకి వచ్చాను. నీ పైపులు బిగించి నీలం గుడ్డ తొడిగాను. ఇంకో బొండాం పట్టుకుని దాని ముందు నిలబడి వీడియో తీసుకున్నాను.

మంచుకొండల ముందు బొండాం ఎంత పచ్చగా కనపడిందో మావా. పట్టుకున్న చెయ్యే నీది కాదు.