సారె వెనక్కి రాకూడదు

కంచరపాలెం, విశాఖపట్నం
జూన్ 3

బావగారికి, అక్కయ్యగారికి నమస్కారాలు.

పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైనవాడికి ఫోన్ చేయడం అవమానమని మీరు అన్నారు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మీ చెల్లెలు ధనలక్ష్మి సంవత్సరీకం అయిపోయింది. నేను ఆగస్టు మొదట్లో బయలుదేరుతున్నాను. ముందు వియత్నాం, తరవాత లావోస్, ఆ పైన ఎటు బస్సు దొరికితే అటు. ఒక్కడినే. వీపు మీద ఒక సంచి, అందులో రెండు జతల బట్టలు. దొరికినచోట పడుకుంటాను. తిరిగి ఎప్పుడు వచ్చేదీ అనుకోలేదు.

స్టీల్ ప్లాంటులో స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక నాకు ఇక్కడ పనేమీ లేదు. ఇంట్లో సామాను చాలామటుకు ఇచ్చేశాను. మంచం కూడా. నేల మీద పడుకోవడం అలవాటవుతోంది. తల నున్నగా గీయించుకున్నాను. దువ్వెన మోయక్కరలేదు.

సెలవు.
దేవీప్రసాద్

తా.క. ఒక్క పూటే తింటున్నాను. దీనికీ ప్రయాణానికీ సంబంధం లేదు. రెండో పూట వండాలనిపించదు.


లింగాలవలస
జూన్ 9

బావకి, నీ బావ కొండలరావు కళ్ళు తుడుచుకుని రాస్తున్నది.

నీ ఉత్తరం మీ అక్క కాంతానికి చదివి వినిపించాను. సగంలోనే కంచం ముందునుంచి లేచిపోయింది. నేల మీద పడక, ఒంటిపూట భోజనం, గుండు, రెండు జతల బట్టలు. దాచాలనుకున్నవాడు ఇవన్నీ రాయకూడదు బావా. సన్యాసం పుచ్చుకుంటున్నానని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది కదా. వియత్నాం ఎందుకో కూడా తెలిసింది. అక్కడంతా బౌద్ధ మఠాలేనట, మన హైస్కూలు సోషల్ మాస్టారు చెప్పారు. సింహాచలం కొండని డాబా మీద నుంచి చూసేంత దగ్గరలో పెట్టుకుని, సముద్రం దాటి వెళ్ళి గుండు చేయించుకోవాలా?

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. టైలరు సన్యాసిరాజుకి మాత్రం చెప్పాను. వాడు ఎవరికీ చెప్పడు. పేరులోనే సన్యాసం పెట్టుకున్న వాడు కూడా ముగ్గురు పిల్లలతో సంసారం చేసుకుంటున్నాడు. నీకేం వచ్చింది?

నిన్ను ఆపలేను. ఒక్కటే అడుగుతాను. మా చెల్లికి పెళ్ళయిన నాటినుంచి ఏటేటా శ్రావణంలో సారె తెచ్చాను. చీర, పసుపు కుంకాలు, చలిమిడి. నిరుడు మైలలో తేలేదు. ఈ ఏడు తేవాలి. చీర అప్పుడే చూసి పెట్టాను, ఎప్పటి చిలకపచ్చే. ఆ ఒక్క పనీ అయ్యేదాకా ఆగు.

ఇట్లు,
నీ బావ

తా.క. కాషాయం బట్టలు మఠంవాళ్ళే ఇస్తారా, మనం పట్టుకెళ్ళాలా? రాజాంలో ఆషాఢం తగ్గింపు మొదలవుతోంది.


కంచరపాలెం
జూన్ 17

బావగారికి నమస్కారాలు.

నేను సన్యసించడం లేదు. దీన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటారు. తెల్లవాళ్ళ పిల్లలు చదువు కాగానే చేస్తారు. నేను ఆలస్యంగా చేస్తున్నాను. అంతే.

ఎవరికీ చెప్పని మీ సన్యాసిరాజు ఆదివారం ఇద్దరు రైతుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ నా కాళ్ళకు దండం పెట్టారు. పొలంలో బోరు ఎక్కడ వేయాలో చెప్పమన్నారు. తెలియదన్నాను. అది నా వినయం అనుకున్నారు. మళ్ళీ అడిగారు. ఇంతలో జల్లు కొడుతుంటే కిటికీ మూయడానికి చెయ్యి చాచాను. "తూరుపు మూలంటరా" అని ఒకరికొకరు చెప్పుకుని వెళ్ళిపోయారు. దయచేసి దీన్ని ఇంతటితో ఆపండి.

ప్రస్తుతం సంచి మోయడం సాధన చేస్తున్నాను. పూర్ణా మార్కెట్లో బియ్యం కొని, సంచిలో నింపి, ఫిషింగ్ హార్బర్ దాకా నడుస్తాను. అక్కడ గంగాలమ్మ అనే ఆవిడ వేలంలో చేపలు కొని బుట్టల్లోకి ఎత్తుతుంటుంది. మొన్న నన్ను ఆపింది.

"ఏటి బాబూ, బియ్యవా? కిలో ఎంతకిత్తన్నావ్?"

అమ్మడానికి కాదన్నాను.

"మరి దేనికీ?"

మోయడానికి అన్నాను.

ఆవిడ చేతిలో చేపను బుట్టలో వేసింది. "ఇంటికాడ ఎవులూ లేరేటి బాబూ?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే బియ్యం అమ్మడం తేలిక. అమ్మేశాను.

సెలవు.
దేవీప్రసాద్

తా.క. కొన్న ధర కంటే తక్కువకే ఇచ్చాను. రేపు కూడా తెమ్మంది.


లింగాలవలస
జూన్ 26

స్వామి కానని చెబుతున్న బావకి, కొండలరావు రాస్తున్నది.

బోరులో నీళ్ళు పడ్డాయి. తూర్పు మూలే. నువ్వు మామూలు మనిషివని ఇక నేను ఎవరికీ నచ్చజెప్పలేను. పక్క ఊరి పెద్దలు నీ అడ్రసు అడిగితే మరిచిపోయానని చెప్పాను. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో కూర్చున్నవాడు అడ్రసు మరిచిపోయానంటే ఎవరు నమ్ముతారు?

అది పక్కన పెట్టు. మన వీధి అర్జునరావు హార్బర్ నుంచి రాజాం సంతకు చేపల వ్యాను తోలుతాడు. వాడు నిన్ను కళ్ళారా చూశాడు. వచ్చి, మా అరుగు మీద కూర్చుని, "దనలచ్చక్క మొగుడు బియ్యం మూటెట్టుకుని సేపల కాడ కిలోలెక్కన అమ్ముకుంతన్నాడు మావా" అని చెప్పాడు. వాడికీ కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు నాకంతా అర్థమైంది. ఇది సన్యాసం కాదు, దివాలా. నీకు వచ్చిన విరమణ డబ్బు ఏ చీటీలవాడో మింగి ఉంటాడు. అందుకే మంచం అమ్మేశావు. అందుకే ఒంటిపూట. అప్పులవాళ్ళు గుర్తుపట్టకుండా గుండు. ఇప్పుడు రాత్రికి రాత్రి దేశం దాటుతున్నావు. మొదటి ఉత్తరంలోనే అంతా ఉంది, నేనే సరిగ్గా చదువుకోలేదు.

మన పొలం బియ్యం రెండు బస్తాలు ఆర్టీసీ పార్సిల్లో వేశాను. వాటిని అమ్మెయ్యకు. తిను.

ఇంకో మాట. ఎవరికి భయపడినా ఆ ఇంటికి తాళం వేయకు. ఆ గుమ్మం మూస్తే నేను సారె ఎక్కడ దించాలి? చెల్లెలు లేదని తెలుసు. చెల్లెలి ఇల్లు ఉందన్న ధైర్యంతో ఉన్నాను.

ఇట్లు,
నీ బావ

తా.క. గంగాలమ్మకి కిలో ఎంతకి ఇచ్చావు? అర్జునరావు చెప్పిన రేటు విని మీ అక్క మళ్ళీ ఏడ్చింది.


కంచరపాలెం
జూలై 5

బావగారికి నమస్కారాలు.

బస్తాలు అందాయి. రెండో అంతస్తుకు నేనే మోసుకున్నాను. ఆ రోజుకు సాధన అయింది. నాకు అప్పులు లేవు. మంచం అమ్మలేదు, కింది వాటా వాళ్ళకు ఊరికే ఇచ్చాను. ఇద్దరు పడుకునే మంచం. అందుకు.

ఎందుకు వెళ్తున్నానో మీకు ఒక్కసారి చెప్పాలి. మళ్ళీ రాయను.

ఈ ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా ఇద్దరం వెళ్ళిన చోటే. పూర్ణా మార్కెట్లో ఆకుకూరల వెంకటరమణమ్మ నన్ను చూడగానే ఇప్పటికీ రెండు కట్టలు తోటకూర తీస్తుంది. తరవాత గుర్తొచ్చి ఒకటి వెనక్కి పెడుతుంది. ఏమీ అనదు. అనకుండా ఉండడానికి ఆవిడ పడే అవస్థ నాకు కనపడుతుంది. వీధిలో నేను నడుస్తుంటే జనానికి ఇద్దరిలో మిగిలినవాడు కనపడతాడు. ఎవరూ ఎరగని చోట నడిస్తే ఒక మనిషి కనపడతాడు. నాకు అది చాలు.

సారె తేవద్దు. కట్టుకునే మనిషి లేని ఇంటికి చీర తెచ్చి ఏం చేస్తారు? నన్ను సాగనంపడానికి కూడా రావద్దు. ఇంటి రెండో తాళంచెవి ఈ కవరులో పెట్టాను.

సెలవు.
దేవీప్రసాద్

తా.క. బియ్యం బాగున్నాయి. నిన్న రెండో పూట కూడా వండాను.


లింగాలవలస
జూలై 28

బావకి,

తాళంచెవి అందింది. నువ్వు వద్దన్నావు, సరేననుకున్నాను. శ్రావణం రాగానే కాళ్ళు ఆగలేదు. సారె పట్టుకుని రాజాం బస్టాండు దాకా వచ్చాను. విశాఖ బస్సు ముందు చాలాసేపు నిలబడ్డాను. కండక్టరు ఎక్కుతావా లేదా అని కసిరాడు. పార్సిల్ కౌంటర్లో ఇచ్చేసి ఇంటికి వచ్చాను. నేను రాలేదు కనుక నీ మాట నిలిచింది. సారె వచ్చింది కనుక నా మాటా నిలిచింది.

వెనక్కి మాత్రం పంపకు. సారె వెనక్కి రాకూడదు. వచ్చిందంటే ఆడపిల్ల పుట్టింటితో తెగతెంపులు చేసుకున్నట్టు. చీరని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. గంగాలమ్మకి కిలోలెక్కన అమ్మినా అడగను.

కొండలరావు

తా.క. చలిమిడి ఎక్కువ రోజులు ఉండదు. విమానం ఎక్కే లోపల తినెయ్.


లువాంగ్ ప్రబాంగ్, లావోస్
ఆగస్టు 14

బావగారికి, అక్కయ్యగారికి నమస్కారాలు.

వియత్నాం మీదుగా ఇక్కడికి చేరాను.

చలిమిడి బయలుదేరే లోపల తినలేకపోయాను. వదిలేసి రాలేకపోయాను. విమానాశ్రయంలో తనిఖీ చేసే ఆవిడ డబ్బా తెరిచి ఇదేమిటని అడిగింది. సారె అన్నాను. ఎవరికండీ అంది. నా వెనక వరుస పెరుగుతోంది. ఆవిడ టెక్కలి మనిషట. ఇంకేమీ అడగకుండా డబ్బా మూసి, కళ్ళకద్దుకుని, నా చేతికి ఇచ్చేసింది.

ఇక్కడ ఒక గదిలో ఎనిమిది మంచాలు, రైల్లో బెర్తుల్లాగా. మిగతా ఏడుగురూ నా సర్వీసు కంటే చిన్నవాళ్ళు. నాకు పై బెర్తు ఇచ్చారు. మొదటి రోజు ఎవరో ఏసీ బాగా పెంచేసి పడుకున్నారు. నేను రోలింగ్ మిల్లు వేడికి అలవాటు పడ్డవాణ్ణి. సంచి అంతా వెతికితే కప్పుకోవడానికి పనికొచ్చేది మీ చీర ఒక్కటే. కప్పుకున్నాను. తెల్లారేదాకా మెలకువ రాలేదు. ఇలా పడుకుని ఏడాది దాటింది.

పొద్దున్న కింది బెర్తు అమ్మాయి, పోలండ్ పిల్ల, ఒక్కరే వచ్చారా అని అడిగింది. అవునని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. చెప్పబోయాను. ఆ అమ్మాయి చూపు చీర మీద ఉంది. ఎవరిదని అడిగింది. ఇక్కడ ధనలక్ష్మిని ఎరిగినవారు లేరు కనుక మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. మధ్యాహ్నం అయింది.

వానలు తగ్గేదాకా ఈ ఊళ్ళోనే ఉంటాను. అడ్రసు వెనక రాశాను.

సెలవు.
దేవీప్రసాద్

తా.క. ఒక విషయం మీకు చెప్పాలి. ధనలక్ష్మికి చిలకపచ్చ గిట్టదు. మొదటి శ్రావణం నుంచీ గిట్టదు. మీరు నొచ్చుకుంటారని, మీతో అననని నా చేత ఒట్టు వేయించుకుంది. మీ బస్సు కదిలేదాకా కట్టుకుని, కదలగానే మార్చుకునేది. ఇన్నేళ్ళలో మీకు ఇంకో రంగు కనపడలేదా బావగారూ? అది కప్పుకుని పడుకుంటే నేను అరటాకులో కట్టిన పొట్లంలా ఉన్నాను. పోలండ్ పిల్లకు అరటాకు తెలియదు. ఆ పిల్ల తీసిన ఫొటో చూసి నేనే అనుకున్నాను.


లింగాలవలస
సెప్టెంబరు 2

లావోస్‌లో చిలకపచ్చ కప్పుకుని ఉన్న బావకి, నీ అక్క దీవెనలు, నా దీవెనలు.

ఇన్నేళ్ళలో ఎన్ని కవర్ల మీద ముద్ర వేశానో, పరాయి దేశానికి నా చేత్తో రాయడం ఇదే మొదలు. ఇప్పటి పోస్టుమాస్టరు పుష్ప అడ్రసు చూసి ఈ ఊరు ఎక్కడుంది బాబాయ్ అని అడిగింది. మా బావ ఉన్నచోట అన్నాను.

మీ ఇంటికి వెళ్ళి కిటికీలు తెరిచి, గాలి ఆడనిచ్చి వచ్చాను. సన్యాసిరాజు కూడా వచ్చాడు. తూర్పు కిటికీకి కొబ్బరికాయ కొట్టాడు. వద్దనలేకపోయాను.

ఇక చీర సంగతి. నీ తా.క. చదువుతుంటే మీ అక్క వచ్చి, "నవ్వుతన్నావా ఏడుత్తన్నావా, ఏదో ఒకటి సెయ్యి" అంది.

మొదటి ఏడు తెలియకే తెచ్చాను బావా. నువ్వు డ్యూటీకి వెళ్ళావు. చెల్లి చీర మడత విప్పి చూసి, నన్ను తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టకుండా తిట్టింది. ఈ తిట్ల సంగతి మీ బావకి తెలియనివ్వకు, ఆయన మొహమాటస్తుడు, తన ఇంట్లో నాకు మర్యాద జరగలేదని బాధపడతారు అని, నా చేతా ఒట్టు వేయించుకుంది. బస్సులో వస్తుంటే తెలిసింది, దాన్ని అత్తారింటికి పంపాక మా ఇల్లు ఎందుకు చిన్నబోయిందో. పొద్దున లేస్తే నన్ను తిట్టే మనిషి లేదు. రెండో ఏటినుంచి తెలిసే తెచ్చాను. షాపువాడు వేరే రంగులు దించబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాణ్ణి. ఏడాదికి సరిపడా తిట్లు మూటగట్టుకుని వచ్చేవాణ్ణి.

ఆఖరుసారి సంచీలో అంచు చూసే కనిపెట్టేసింది. "ఓరన్నియ్యా, నాను సచ్చినా నువ్వీ రంగే తెత్తావు" అంది.

తెచ్చాను. ఈ ఏడు తిట్టే నోరు లేదని తెలిసే కొన్నాను. పార్సిల్ వాడికి ఇచ్చి, ఇక ఇంతే అనుకుని వచ్చేశాను. నువ్వు సముద్రం అవతలనుంచి తిట్టావు.

ఆరోగ్యం చూసుకో. రెండు పూటలా తిను.

ఇట్లు,
నీ బావ
కొండలరావు

తా.క. వచ్చే శ్రావణానికి ఏ దేశంలో ఉంటావో అడ్రసు ముందే రాసి పంపు. రంగు గురించి ఇప్పుడేమీ అనకు. చీర అందాక రాయి.