పెట్టినవాడు నొక్కకూడదు

రఫీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వై2కే కంప్యూటర్ పనికని ఈ దేశం వచ్చి హారిస్ పార్క్‌లో మనిద్దరం ఒకే గదిలో దిగాం. ఇప్పుడు నీ మంచం మీద నేను ఉతికిన బట్టలు పెట్టుకుంటున్నాను.

ఆఫీసుకి కొత్త సర్వర్ వచ్చింది. బోడి యూనిక్స్, టూల్స్ ఏవీ లేవు. పై బాణం నొక్కితే పాత కమాండ్ రాదు, పిచ్చి గుర్తులొస్తాయి. నువ్వైతే తిట్టుకుంటూ నీ టూల్స్ సీడీ తీసేవాడివి. ఆ సీడీతోనే పూర్తి టూల్స్ పెట్టాను. ఇక పై బాణం నొక్కి పరీక్షించడమే మిగిలింది.

"పెట్టినోడు నొక్కొద్దు భాయ్, వాని వేళ్లు తప్పు దాచిపెడ్తయ్. నువ్ నొక్కు" అని ప్రతిసారీ నాకు కుర్చీ ఇచ్చేవాడివి.

ఈసారి పెట్టింది నేను కదా, నీలాగే లేచి, కుర్చీ పక్కకు జరిపాను.

"ఆల్ డన్, మేట్?" అన్నాడు మేనేజర్.

"ఇంకొకరు నొక్కాలి," అన్నాను.

"ఎవరు?" అంటూ అతను నా వెనక్కి చూశాడు.

నేనూ చూశాను.