ఔనన్నాడా, కాదన్నాడా

శనివారం రాత్రి, కనాటా, కెనడా

మా లహరి సోమవారం రాజీనామా ఇస్తుందట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయిస్తూ పాటలు కట్టుకుంటుందట. వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. ఈరోజు తనకు ప్రాణమైన ఇంగ్లండ్ గాయకుడి కచేరీకి నన్నూ లాక్కుపోయింది.

ఆయన నలభై ఏళ్లుగా ఆ వాద్యంతోనే ఉన్నాడట. ఒకప్పుడు స్టేడియాలు నిండేవట, తర్వాత ఆల్బమ్‌లు అమ్ముడుపోని ఏళ్లూ వచ్చాయట. ఈరోజు హాల్లో సగం కుర్చీలు ఖాళీ. అయినా కొత్త పాట ఎత్తుకున్నప్పుడు ఆ ముసలి ముఖం ఎంత వెలిగిపోయిందో!

కచేరీ అయ్యాక ఆటోగ్రాఫ్ కోసం వరసలో నిలబడ్డాం. మా వంతు రాగానే ఉండబట్టలేక ఇంగ్లీషులో అడిగేశాను. "మా అమ్మాయి మీలా కావాలని ఉద్యోగం మానేస్తానంటోంది. మానెయ్యమంటారా?"

లహరి సిగ్గుతో తల దించుకుంది. ఆయన దానివైపు చూసి నవ్వాడు.

"నేను ఈ పాటలు మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మానలేకపోయాను," అన్నాడు.

కారెక్కగానే లహరి నా చెయ్యి పట్టుకుంది. "విన్నావా అమ్మా? హి సెడ్ యెస్!"

"వద్దనే కదే చెప్పాడు?"

ఇల్లు చేరేదాకా అది ఆయన కొత్త పాటే కూనిరాగం తీస్తూ వచ్చింది. నాకేమో ఆయన నవ్వే గుర్తొస్తోంది. అది సంతోషమా, విసుగా?

ఇప్పుడు లహరి పక్కగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకుంటోంది. మీటల చప్పుడు తప్ప నాకేమీ వినపడటం లేదు. వెళ్లి వినిపించమని అడగాలనుంది. అడిగితే, నేను సరేనన్నట్టే అనుకుంటుందేమో...