గంప పట్టిన చేతులు

పెనుకొండ

చెల్లెలు ఉషారాణికి అన్న జయరామయ్య ఆశీస్సులు.

మీ వదిన పోయాక నాకు పొద్దు పోవడం లేదని నువ్వు పంపిన డీవీడీ ప్లేయరూ, నీ కూతురు రూప పెళ్లి డిస్కూ అందాయి. చూశాను. పెళ్లికూతురు కూర్చున్న గంప గాల్లో తేలుతూ మండపానికి వస్తోంది! మోసిన మేనమామ ఏడి? ఒక్క చెయ్యి కూడా కనబడదే! మీ ఆయన పొట్ట మాత్రం తెర నిండా ఉంది. మేనమామనైన నన్నే కోసిపారేశారు కాబట్టి, రూప బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజున నేను రాను.

కోపంతో,
జయరామయ్య

తా.క.: ఫోన్ చేయొద్దు. నాకు వినపడదు, నువ్వు అరిస్తే వీధి మొత్తానికీ వినపడుతుంది.

ధర్మవరం

అన్నకు నమస్కారాలు.

నిన్నెవరు కోస్తారన్నా! హిందూపురంలో డిస్కు చేసిన స్టూడియో అతన్ని అడిగాను. పెళ్లి తీసింది వెడల్పు తెరకట. నీది పాత డబ్బా టీవీ. తెర నిండా బొమ్మ రావాలని ప్లేయరే రెండు పక్కలా అంచులు కత్తిరిస్తోందట. "సెటప్‌లో టీవీ డిస్‌ప్లే అని ఉంటాదక్కా, అది మార్చమను. మీ అన్న యాడికీ పోలేదు, ఆడే ఉండాడు" అన్నాడు. మార్చి చూడు. నువ్వు రానన్నావని రూప అన్నం మానేసింది.

నీ చెల్లెలు,
ఉష

తా.క.: ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. పొట్ట దగ్గర దాటేశాను.

పెనుకొండ

ఉషకు ఆశీస్సులు.

మార్చాను. అందరూ చువ్వల్లా సాగిపోయారు. మీ ఆయన సన్నబడగా ఇప్పుడే చూశాను. ఇంకోటి మారిస్తే బొమ్మ చిన్నదై పైనా కిందా నల్ల పట్టీలు పడ్డాయి. పెళ్లికి నల్ల పట్టీలేమిటి, అశుభం! వెంటనే తీసేశాను. ఆ కంగారులో ఏం నొక్కానో, పంతులు అవే అక్షింతలు మళ్లీ మళ్లీ వేస్తున్నాడు. "ఇంగ ఎంతసేపు ఏస్తావప్పా?" అని అడిగాను కూడా.

జయరామయ్య

తా.క.: రానంటే రాను.

ధర్మవరం

అన్నకు నమస్కారాలు.

ఆ నల్ల పట్టీలే సరైనవన్నా! వెడల్పు బొమ్మ మొత్తం నీ టీవీలో పట్టాలంటే పైనా కిందా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే నలుపు, అశుభం కాదు. ఇక పంతులు. నువ్వు నొక్కింది ఎ-బి రిపీట్. ఎంచుకున్న ముక్కనే అది తిప్పి తిప్పి చూపిస్తుంది. ఇంకోసారి నొక్కితే వదిలేస్తుంది.

ఉష

తా.క.: "మామ వచ్చేదాకా బిడ్డను ఉయ్యాల్లో ఎయ్యను" అంటాంది రూప. ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

పెనుకొండ

అమ్మా ఉషా,

నల్ల పట్టీలు ఉంచి చూశాను. ఉన్నాను. గంప పట్టుకుని, వంగిపోయి, చెమటలు కక్కుతూ ఉన్నాను. నా పక్కన, తెర చిట్టచివర, మీ వదిన ఉంది. నడుస్తూనే కొంగుతో నా మొహం తుడుస్తోంది. కెమెరా దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుంది. "వీడియోలో నువ్వు బాగా పడల్ల" అంది ఆ రోజు, నాకు గుర్తుంది.

నేను యాడ, నేను యాడ అని నీ మీద అరిచానే గానీ, మీ వదిన చాముండి యాడ అని ఒక్కసారైనా అడిగానా? ఆ మనిషి పోయాక కూడా నాకు నా గోలే. చాలా బాధగా ఉందమ్మా.

రూపను అన్నం తినమను. వస్తున్నాను.

మీ అన్న,
జయరామయ్య

తా.క.: పంతుల్ని వదిలించి, ఆ బటన్ మీ వదిన దగ్గర నొక్కాను. తుడుస్తూనే ఉంది. ఇంకోసారి నొక్కితే వదిలేస్తుందన్నావు కదా, నొక్కలేదు.