మాటల కింద చుక్కలు

సుశీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. మన మాలతి ఇంగ్లీషు ఎం.ఏ.లో చేరింది. పాత నాటకాలు చదువుతోంది. పద్ధతి నీదే. తెలియని మాట కనబడితే వెంటనే డిక్షనరీ తెరవదు, దాని కింద పెన్సిలుతో చుక్క పెడుతుంది. మూడోసారి ఎదురైన మాటనే నోటుబుక్కులోకి ఎక్కిస్తుంది. రోజూ సాయంత్రం ఆ మాటలు నేను అడుగుతాను, అర్థాలు అది చెబుతుంది.

ఈరోజు నాటకం ఎట్లుందని అడిగాను.

"శానా కష్టం నాయనా. కత్తిపోటు తిన్నోడు గూడా ఇంతింత పొడుగు మాటలు మాట్లాడేదేంది?" అని నవ్వింది.

నేనూ నవ్వి పుస్తకం తీసుకున్నాను. మొదటి అంకంలో చుక్కలు సరిగ్గా మాటల కిందే ఉన్నాయి. మూడో అంకానికి కుడివైపు జరిగాయి. నాలుగో అంకంలో కొన్ని అక్షరాలు దాటి అంచు ఖాళీలో పడ్డాయి.

నువ్వు చదివిన చివరి పుస్తకంలోనూ చుక్కలు ఇలాగే పక్కకు జరిగాయి. కళ్లద్దాలు మారిస్తే సరిపోతుందని నాలుగు నెలలు ఆగాం. తలలో గడ్డ ఉందని ప్రొద్దుటూరు ఆస్పత్రిలో తెలిసేసరికి ఆలస్యమైంది.

"రేపు ప్రొద్దుటూరు పోదాం. పెద్ద డిక్షనరీ కొనిస్తా" అన్నాను.

"ఇంట్లో మూడుండాయి గదా, ఇంగోటి ఏంటికి?"

నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను. మాలతి నా మొహమే చూసింది.

"అమ్మను గూడా మొదట ఆడికే పిల్చుకపోతివి గదా నాయనా."

జమ్మలమడుగు నుంచి ఏడున్నరకు బస్సుందని, త్వరగా పడుకోమని చెప్పాను.